ట్రావెల్ అడ్వైజర్లను నిలబెట్టే స్టార్టప్: ఎలా మొదలుపెట్టాలి, ఎలా నడపాలి

ప్రయాణం అనుకోగానే మీ చుట్టూ ఉన్నవాళ్లు ఎవరికి ఫోన్ చేస్తారో గమనించండి. ప్రతి కుటుంబంలో, ప్రతి ఆఫీసులో అలాంటివారు ఒకరుంటారు. ఏ నెలలో వెళితే రద్దీ తక్కువ, ఏ హోటల్ రైల్వే స్టేషన్‌కు దగ్గర, వీసా దరఖాస్తుకు ఏ కాగితాలు జతచేయాలి అన్నవన్నీ ఓపిగ్గా చెబుతారు. అందుకు వాళ్లకు దక్కేది ఒక థ్యాంక్స్ మాత్రమే. అలాంటివారికి ఏజెన్సీ కోడ్, శిక్షణ, కమిషన్ వసూలు చేసిపెట్టే యంత్రాంగం సమకూర్చి, వాళ్లు స్వతంత్రంగా ట్రావెల్ అడ్వైజర్లుగా సంపాదించుకునేలా చేయడం, ఆ సంపాదనలో ఒక వాటా తీసుకోవడం మీరు పెట్టబోయే స్టార్టప్ పని. పరిశ్రమలో ఇలాంటి సంస్థను హోస్ట్ ఏజెన్సీ అంటారు. నమూనా పాతదే. న్యూయార్క్‌లో 2021లో మొదలైన ఫోరా వంటి సంస్థలు దానికి కొత్త సాంకేతికత జోడించి, ఈ రంగంలో అనుభవం లేనివారికి కూడా తలుపులు తెరిచాయి.

చాలామంది ఈ పనిని శిక్షణ వీడియోలతో, ముచ్చటైన యాప్‌తో మొదలుపెడతారు. నా దృష్టిలో అది తలకిందుల పద్ధతి. అడ్వైజర్ మీ దగ్గర నిలిచేది రెండు కారణాలకే: మొదటి బుకింగ్ త్వరగా జరగాలి, దాని కమిషన్ తప్పకుండా చేతికి రావాలి. ఆ రెండూ కుదరని చోట వీడియోలు ఎంత బాగున్నా ఎవరూ ఉండరు. కింది దశలను ఆ దృష్టితోనే చదవండి.

1. ముందు డబ్బు నడిచే దారి గీయండి

విమాన టికెట్ల మీద ఆదాయం వస్తుందన్న ఆశతో లెక్క మొదలుపెట్టకండి. అమెరికాలో 1995లో డెల్టా విమాన సంస్థ ఏజెంట్ల కమిషన్‌కు గరిష్ఠ పరిమితి పెట్టింది, మిగతా పెద్ద సంస్థలు అదే బాట పట్టాయి. 2002లో డెల్టా మూల కమిషన్‌ను పూర్తిగా ఎత్తేసింది, మిగతావీ వెనకాలే నడిచాయి. ప్రత్యేక ఒప్పందాలున్న పెద్ద ఏజెన్సీలకు ఇప్పటికీ కొంత ముడుతుంది కానీ, కొత్తగా వచ్చిన అడ్వైజర్‌కు అది అందే పండు కాదు. ఆదాయం వచ్చేది హోటళ్ల నుంచి, క్రూయిజ్‌ల (ఓడ విహారయాత్రల) నుంచి, టూర్ ప్యాకేజీల నుంచి, క్లయింటు నేరుగా చెల్లించే సలహా రుసుము నుంచి. ప్రయాణ బీమా మీద కూడా కమిషన్ ఉంటుంది. అయితే చాలాచోట్ల బీమా అమ్మడానికి వేరే అనుమతి కావాలి, అది చూసుకున్నాకే జాబితాలో చేర్చండి.

హోటళ్లు సాధారణంగా గది అద్దె మీద 10 శాతం ఇస్తాయి. క్రూయిజ్ సంస్థలు ఏజెన్సీ అమ్మకాల స్థాయిని బట్టి 10 నుంచి 16 శాతం దాకా ఇస్తుంటాయి. కానీ టికెట్ ధరలో కొంత భాగాన్ని ‘కమిషన్ వర్తించని ఛార్జీ’ అంటూ పక్కకు తీసి, పోర్టు రుసుములు, పన్నులు కూడా మినహాయించాకే ఆ శాతం లెక్కగడతాయి. ప్రకటనలో కనిపించే శాతానికీ చేతికొచ్చే మొత్తానికీ మధ్య తేడా ఇక్కడే పుడుతుంది. కొత్త అడ్వైజర్‌కు ఈ సంగతి మీరు ముందే చెప్పకపోతే, మొదటి చెల్లింపు వచ్చిన రోజున మీరే ఏదో కోసేశారనుకుంటారు.

ఒక హోటల్ బుకింగ్‌ను చివరిదాకా వెంబడించి చూడండి. బిల్లు 1,180 అనుకుందాం, కరెన్సీ ఏదైనా సరే. అందులో పన్నులు 180. కమిషన్ మిగిలిన 1,000 మీదే, అంటే 100. అడ్వైజర్‌తో ఒప్పందం 70:30 అయితే మీ వాటా 30. సభ్యత్వ రుసుములు, సాఫ్ట్‌వేర్, బీమా, బ్యాంకు ఛార్జీలు, అడ్వైజర్ల సందేహాలు తీర్చే ఉద్యోగి జీతం, అన్నీ ఆ 30లోంచే. ఇక కాలం లెక్క. జనవరిలో బుక్ చేసిన గదిలో క్లయింటు దిగేది జులైలో. ఆయన ఖాళీ చేసి వెళ్లాకే హోటల్ కమిషన్ పంపుతుంది. అది ఆగస్టు కావచ్చు, అక్టోబరు కావచ్చు. ఏడాదికి 50,000 విలువైన హోటల్ గదులు అమ్మిన అడ్వైజర్ వల్ల మీకు వచ్చేది 1,500, అదీ ఆలస్యంగా. కనీసం ఏడాదిన్నర ఖర్చులకు డబ్బు చూసుకోకుండా ఈ పనిలోకి దిగవద్దు.

ఈ ఆలస్యాన్ని తట్టుకోలేకే కొందరు అడ్డదారి తొక్కుతారు: చేరే ప్రతి ఒక్కరి దగ్గరా పెద్ద ప్రవేశ రుసుము, కొత్తవారిని చేర్పించిన వారికి బహుమతి. ఒకసారి ఆ డబ్బు రుచి మరిగితే సంస్థ ప్రయాణాలు అమ్మడం మానేసి సభ్యత్వాలు అమ్మడం మొదలుపెడుతుంది. 2008లో కాలిఫోర్నియా అటార్నీ జనరల్ అలాంటి ఒక ట్రావెల్ సంస్థ మీద, అది పిరమిడ్ పథకమంటూ దావా వేశారు. రాయితీ ధరల కోసం ఏజెంటు గుర్తింపు కార్డులు అమ్ముకునే సంస్థల వల్ల హోటళ్లు, క్రూయిజ్ సంస్థలు కూడా కొత్త హోస్ట్ ఏజెన్సీ అనగానే అనుమానంగా చూస్తాయి. సాఫ్ట్‌వేర్‌కు, బీమాకు అయ్యే ఖర్చు మేరకు చిన్న వార్షిక రుసుము పెట్టండి. మీ లాభం మాత్రం అమ్మకాల వాటాలోంచే రావాలి. రుసుములు మొత్తం తీసేసినా సంస్థ ఎప్పటికైనా నిలబడుతుందా అని మీ లెక్కల పట్టికలో ఒక గడి పెట్టుకుని ప్రతి మూడు నెలలకూ చూసుకోండి.

2. ఎవరి కోడ్ మీద అమ్మాలో తేల్చుకోండి

అడ్వైజర్ హోటల్ గది బుక్ చేసేటప్పుడు ఒక సంఖ్య నమోదు చేస్తారు. కమిషన్ ఎవరికి పంపాలో హోటల్‌కు తెలిసేది ఆ సంఖ్య వల్లనే. అంతర్జాతీయ విమాన రవాణా సంఘం, అంటే ఐఏటీఏ, టికెట్లు జారీచేసే ఏజెన్సీలకు ఇచ్చే కోడ్ వాటిలో అందరికీ తెలిసినది. టికెట్లు తామే జారీచేయని సంస్థలకు ఐఏటీఏ ‘టిడ్స్’ పేరుతో వేరే గుర్తింపు కోడ్ ఇస్తుంది. అమెరికాలో ఏఆర్‌సీ అనే సంస్థ కూడా ఇలాంటి కోడ్‌లు ఇస్తుంది. క్రూయిజ్‌లకు, ఆ సంస్థల అంతర్జాతీయ సంఘమైన సీఎల్ఐఏ ఇచ్చే సభ్యత్వ సంఖ్య చెల్లుతుంది.

మొదటి రోజే పూర్తిస్థాయి టికెటింగ్ గుర్తింపు కోసం పరుగెత్తకండి. దానికి ఆర్థిక హామీలు చూపాలి, నిబంధనలు కఠినంగా ఉంటాయి, అంత శ్రమపడి సంపాదిస్తే అమ్మేది కమిషన్ లేని టికెట్లు. అమేడియస్, సేబర్ వంటి రిజర్వేషన్ వ్యవస్థలకూ ఇదే మాట. విమాన టికెట్లు కావలసినప్పుడు కన్సాలిడేటర్, అంటే ఏజెన్సీలకు టోకుగా టికెట్లు అమ్మే సంస్థ, దగ్గర తీసుకోవచ్చు. ఇంతకంటే తేలికైన దారి, ఇప్పటికే నిలదొక్కుకున్న ఒక పెద్ద హోస్ట్ ఏజెన్సీ గొడుగు కింద ఉప-ఏజెన్సీగా చేరడం. వాళ్ల కోడ్, సప్లయర్లతో (హోటళ్లు, క్రూయిజ్ సంస్థల వంటివాటితో) వాళ్ల ఒప్పందాలు, వాళ్ల కమిషన్ స్థాయి మీకు మొదటి రోజు నుంచే వస్తాయి. బదులుగా మీ వాటాలోంచి వాళ్లకు కొంత పోతుంది. పోనివ్వండి. అమ్మకాలు పెరిగాక సొంత కోడ్ తీసుకోవచ్చు. అయితే చేరేటప్పుడే ఒక్క విషయం రాతపూర్వకంగా తీసుకోండి: మీరు బయటికి వచ్చేస్తే మీ అడ్వైజర్లు మీతో రావచ్చని.

వర్చువోసో, సిగ్నేచర్ వంటి కన్సార్షియాలు, అంటే ఏజెన్సీల కూటములు, తర్వాతి మెట్టు. వీటి సభ్య ఏజెన్సీల ద్వారా బుక్ చేసిన అతిథికి హోటల్ అదే ధరకు అల్పాహారం, వీలుంటే పెద్ద గది, హోటల్‌లో ఖర్చుపెట్టుకునేందుకు కొంత క్రెడిట్ వంటివి ఇస్తుంది. “నెట్‌లో నేనే బుక్ చేసుకోగలను కదా” అనే క్లయింటుకు అడ్వైజర్ చూపగల మొదటి తేడా ఇదే. నేరుగా చేరాలంటే అమ్మకాల చరిత్ర అడుగుతాయి, అందుకే ఇక్కడా పెద్ద గొడుగు కింద చేరడమే కొత్తవారికి నప్పుతుంది.

3. చట్టం, క్లయింటు డబ్బు

అనుమతులు దేశాన్ని బట్టి, కొన్నిచోట్ల రాష్ట్రాన్ని బట్టి మారతాయి. అమెరికాలో కాలిఫోర్నియా, ఫ్లోరిడా, వాషింగ్టన్, హవాయి రాష్ట్రాల్లో ప్రయాణాలు అమ్మేవారికి ప్రత్యేక నమోదు నిబంధనలున్నాయి. ఐరోపా సమాఖ్యలో 2018 జులై 1 నుంచి అమలవుతున్న ప్యాకేజీ ట్రావెల్ ఆదేశం ప్రకారం, ఒకే ప్రయాణానికి రెండు రకాల సేవలను, ఉదాహరణకు విమానం, హోటల్ కలిపి అమ్మితే, అమ్మినవారు ‘ఆర్గనైజర్’ అయ్యే అవకాశముంది. అంటే ఆ ప్రయాణంలో ఏం తప్పు జరిగినా జవాబుదారీ వారిదే, సంస్థ దివాలా తీస్తే క్లయింటు డబ్బుకు రక్షణ కూడా చూపాలి. మీ అడ్వైజర్ ఇంట్లో కూర్చుని పంపిన ఒక్క కొటేషన్ మిమ్మల్ని ఆ స్థానంలో నిలబెట్టగలదు. కాబట్టి అడ్వైజర్లు ఎక్కడెక్కడ ఉంటారు, వాళ్ల క్లయింట్లు ఎక్కడివారు అనే జాబితాతో ఆయా చోట్ల నిబంధనలు తెలిసిన న్యాయవాదిని కలవండి. ఈ ఒక్క ఖర్చులో పిసినారితనం వద్దు.

న్యాయవాది ఎలాగూ చెబుతారు కానీ నేనూ గట్టిగా చెబుతాను: మొదటి ఏడాది క్లయింటు ప్రయాణ డబ్బు మీ ఖాతాలోకి రానీయకండి. కార్డు చెల్లింపు నేరుగా హోటల్‌కు, క్రూయిజ్ సంస్థకు, టూర్ నిర్వాహకుడికి వెళ్లాలి. మీకు వచ్చేది కమిషన్, సలహా రుసుము మాత్రమే. 1841లో మొదలైన థామస్ కుక్ వ్యాపారం 2019 సెప్టెంబరు 23న కుప్పకూలినప్పుడు దాదాపు లక్షన్నర మంది బ్రిటన్ పర్యాటకులు విదేశాల్లో ఉన్నారు. వాళ్లను వెనక్కి తేవడానికి ఆ దేశ పౌర విమానయాన సంస్థ ప్రత్యేక విమానాలు నడపాల్సి వచ్చింది. క్లయింటు డబ్బు చేతిలో పెట్టుకోవడమంటే ఆ స్థాయి బాధ్యతను నెత్తిన పెట్టుకోవడమే. తప్పనిసరై తీసుకోవలసి వస్తే విడి ట్రస్టు ఖాతాలో ఉంచండి, జీతాలకు దాన్ని ముట్టుకోకండి.

కార్డు వివరాల విషయంలో రాజీ ఉండకూడదు. కార్డు ముందు వెనుక ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంపే క్లయింట్లు ప్రతి అడ్వైజర్‌కూ తగులుతారు. కార్డు చెల్లింపుల రంగం పాటించే పీసీఐ భద్రతా ప్రమాణాల ప్రకారం చెల్లింపు పూర్తయ్యాక కార్డు వెనకాల ఉండే భద్రతా సంఖ్యను దాచి ఉంచుకోకూడదు. సురక్షిత చెల్లింపు లింకు సౌకర్యం కొని ఇవ్వండి, అలా వచ్చిన ఫొటోను వెంటనే తొలగించి లింకు పంపడం మొదటి రోజు శిక్షణలోనే అలవాటు చేయండి. పాస్‌పోర్టు నకళ్లకూ ఇంతే జాగ్రత్త.

వృత్తిపరమైన పొరపాట్లకు వర్తించే బీమా తీసుకోండి. అది మీ సంస్థకే వర్తిస్తుందా, స్వతంత్ర అడ్వైజర్లకూ వర్తిస్తుందా అని పాలసీలో వెతికి చూడండి.

4. అడ్వైజర్‌తో ఒప్పందం

అడ్వైజర్ మీ ఉద్యోగి కాదు. ఇన్ని గంటలు పనిచేయాలి, సెలవు అడగాలి, మేం చెప్పినవే అమ్మాలి అని రాసుకుంటే చాలా దేశాల్లో చట్టం వారిని ఉద్యోగిగానే చూడవచ్చు. నాణ్యత గురించి షరతులు పెట్టండి, పనివేళల గురించి కాదు.

వాటా 70:30తో మొదలై, అమ్మకాలు పెరిగేకొద్దీ 80:20కి వెళ్లడం ఈ రంగంలో మామూలే. కొన్ని సంస్థలు 90 శాతం దాకా ఇస్తాయి, అయితే అవి నెలవారీ రుసుము తీసుకునో, తక్కువ సాయం చేసో ఆ లోటు పూడ్చుకుంటాయి. కొత్తవారితో పనిచేసే మీరు 90 శాతం ప్రకటనకు పోటీగా వెళ్లనక్కర్లేదు. వారికి కావలసింది చేయి పట్టుకుని నడిపించడం, దానికి ఖర్చవుతుంది.

ఒప్పందంలో మిగతా షరతుల కంటే ఎక్కువ గొడవలు తెచ్చేవి రెండున్నాయి. మొదటిది, కమిషన్ వెనక్కి పోయే సందర్భం. 2020లో కరోనా వచ్చి ప్రయాణాలు రద్దయినప్పుడు, ముందే చెల్లించిన కమిషన్‌ను సప్లయర్లు వెనక్కి అడగడం ఎంతోమంది అనుభవం. అలాంటప్పుడు అడ్వైజర్ తన వాటా తిరిగి ఇవ్వాలా, తర్వాతి చెల్లింపుల్లోంచి తగ్గించుకుంటారా అన్నది రాసి ఉండాలి. రెండోది, విమాన సంస్థలు పంపే డెబిట్ మెమో. టికెట్ నిబంధనలు ఉల్లంఘించినా, ధర తప్పుగా వేసినా విమాన సంస్థ ఏజెన్సీకి జరిమానా బిల్లు పంపుతుంది. తప్పు అడ్వైజర్‌దైతే ఎంతవరకు ఆయన భరిస్తారో అంకెతో సహా రాయండి. ‘తగిన మేరకు’ అన్న మాట ఒప్పందంలో పనికిరాదు.

5. కమిషన్ వసూలు: అసలు వ్యాపారం

ప్రయాణం ముగిసింది, క్లయింటు సంతోషంగా తిరిగొచ్చారు, కమిషన్ మాత్రం రాలేదు. ఈ పనిలో ఇది మామూలు సంగతి, కారణాలు కూడా చాలా చిన్నవి. క్లయింటు రిసెప్షన్‌లో ఇంకో రెండు రాత్రులు పొడిగించుకుంటారు, అక్కడి ఉద్యోగి పాత బుకింగ్ మూసి కొత్తది తెరుస్తాడు, అందులో మీ కోడ్ ఉండదు. లేదా భార్య పేరుతో బుక్ చేసిన గదిలో భర్త ముందుగా దిగితే, అసలు బుకింగ్ ‘రాలేదు’ అని నమోదవుతుంది. అడ్వైజర్ తెలియక కమిషన్ వర్తించని ధరను ఎంచుకుని ఉండవచ్చు. ఇవేవీ లేకపోయినా డబ్బు సరిగ్గానే వచ్చి, ఏ అడ్వైజర్‌దో తెలియక మీ ఖాతాలోనే అనాథగా పడి ఉండవచ్చు.

అందుకే యాప్ కంటే ముందు ఒక పట్టిక. ప్రతి బుకింగ్‌కూ ఒక వరుస: అడ్వైజర్ పేరు, సప్లయర్, నిర్ధారణ సంఖ్య, పాస్‌పోర్టులో ఉన్నట్టుగా అతిథి పేరు, దిగే తేదీ, వెళ్లే తేదీ, పన్నులు లేని ధర, రావలసిన కమిషన్, వచ్చిన కమిషన్, వచ్చిన తేదీ, అడ్వైజర్‌కు పంపిన తేదీ. కొన్ని వందల వరుసల దాకా మామూలు స్ప్రెడ్‌షీటు చాలు. ఆ తర్వాత టెస్ వంటి కమిషన్ లెక్కల సాఫ్ట్‌వేర్ చూడండి. చాలా హోటల్ గొలుసులు ఆనిక్స్ సెంటర్‌సోర్స్ వంటి మధ్యవర్తి సంస్థ ద్వారా కమిషన్లు చెల్లిస్తాయి, అక్కడ మీ ఖాతా వివరాలు నమోదై ఉండాలి.

అతిథి హోటల్ ఖాళీ చేసిన 45వ రోజుకు డబ్బు రాకపోతే మొదటి ఉత్తరం వెళ్లాలి. పొడవైన ఉత్తరం వద్దు: “ఫలానా నిర్ధారణ సంఖ్య, ఫలానా అతిథి, ఫలానా తేదీల్లో మీ హోటల్‌లో బస చేశారు. మా ఏజెన్సీ కోడ్ ఇది. రావలసిన కమిషన్ ఇంత. చెల్లించి ఉంటే ఆ వివరాలు, లేకపోతే చెల్లించే తేదీ తెలియజేయగలరు.” బిల్లు నకలు జతచేస్తే జవాబు త్వరగా వస్తుంది, అందుకే ప్రయాణం నుంచి రాగానే క్లయింటు దగ్గర తుది బిల్లు అడిగి తీసుకోవడం అడ్వైజర్‌కు నేర్పాలి. 60వ రోజుకు రెండో ఉత్తరం, 90వ రోజుకు ఫోను. ఈ పని ఎవరిదో మొదటి నుంచే తేల్చండి. ‘అందరూ చూసుకుంటారు’ అన్న చోట ఎవరూ చూడరు.

అడ్వైజర్లకు నెలలో ఒక తేదీ పెట్టుకుని చెల్లించండి, ఆ తేదీ తప్పకండి. డబ్బుతో పాటు ప్రతి బుకింగ్ వివరం, ఇంకా రావలసిన వాటి జాబితా కూడా పంపండి. రావలసినది కళ్లముందు కనిపిస్తే ఆలస్యాన్ని మనిషి ఓర్చుకుంటాడు, కనిపించకపోతే అనుమానిస్తాడు.

6. మొదటి బృందం: పదిమంది చాలు

‘ప్రయాణాలంటే నాకు ప్రాణం’ అని రాసిన దరఖాస్తులు కుప్పలుగా వస్తాయి. నాకు వాటి మీద పెద్ద గురి లేదు. తాను తిరగడం ఇష్టపడే మనిషి, ఇంకొకరి ప్రయాణం కోసం గంటలు కూర్చోవడం ఇష్టపడాలని లేదు. ఎంపికకు ఒక చిన్న పరీక్ష పెట్టండి. ఈ ఉత్తరం ఇచ్చి జవాబు రాయమనండి: “మేం నలుగురం. డిసెంబరులో ఐరోపా వెళ్దామనుకుంటున్నాం. బడ్జెట్ ఫరవాలేదు. మంచివేవో చెప్పండి.”

వెంటనే మూడు హోటళ్ల పేర్లతో జవాబు రాసేవారిని పక్కన పెట్టండి. ప్రశ్నలతో జవాబు రాసేవారిని పిలవండి. నలుగురిలో పిల్లలు, పెద్దవాళ్లు ఉన్నారా? ఎంత దూరం నడవగలరు? పాస్‌పోర్టులు ఎప్పటిదాకా చెల్లుతాయి? ఇంతకుముందు నచ్చిన హోటల్ ఏది, నచ్చనిది ఏది? ‘బడ్జెట్ ఫరవాలేదు’ అంటే రాత్రికి ఎంత వరకు ఫరవాలేదు? ఈ చివరి ప్రశ్న మర్యాద చెడకుండా అడగగలిగినవారు సగం అడ్వైజర్ అయినట్టే.

శిక్షణను ఆరు వారాలకు మించనీయకండి, ఆ ఆరు వారాల్లోనే నిజమైన బుకింగ్ ఒకటి జరగాలి. అదీ చిన్నది: తెలిసినవారి కోసం రెండు రాత్రుల హోటల్ గది చాలు. ధరల పేజీలో కమిషన్ వచ్చే ధరను గుర్తించడం, కోడ్ నమోదు చేయడం, రద్దు నిబంధనలు క్లయింటుకు రాసి పంపడం, ప్రయాణం ముగిశాక బిల్లు తీసుకోవడం, ఇలా మొత్తం చక్రం ఒకసారి తిరిగితే మిగతావి నేర్చుకోవడం తేలిక. రెండు ఖండాల క్రూయిజ్‌తో మొదలుపెట్టినవాళ్లు మధ్యలోనే చతికిలబడతారు.

దేశాల గురించిన పాఠాలకంటే తప్పులు నివారించే పాఠాలకు ఎక్కువ సమయం ఇవ్వండి. ఐరోపాలో ఉమ్మడి వీసా చెల్లే షెంజెన్ దేశాలకు వెళ్లేవారి పాస్‌పోర్టు, అక్కడి నుంచి బయటపడే తేదీ తర్వాత ఇంకా మూడు నెలలు చెల్లాలి, జారీ అయి పదేళ్లు దాటి ఉండకూడదు. ఇంకా చాలా దేశాలు ఆరు నెలల గడువు అడుగుతాయి. టికెట్ మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి, ఇంటిపేరు ముందూ వెనుకా అయినా ఇబ్బందే. రెండు విమానాలను విడివిడి టికెట్లుగా కొంటే, మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోయినప్పుడు రెండో విమాన సంస్థకు ఏ బాధ్యతా ఉండదు. ఇలాంటివి ఒక తనిఖీ పత్రంగా అచ్చువేసి, అది నింపకుండా ఏ బుకింగూ ఖరారు చేయకూడదని నియమం పెట్టండి.

రుసుము అడగడం దగ్గర కొత్త అడ్వైజర్లందరూ తడబడతారు. స్నేహితుల దగ్గర డబ్బు అడగాలంటే నోరు రాదు. దానికి సంభాషణనే సాధన చేయించండి, ఇద్దరిద్దరుగా కూర్చోబెట్టి.

“నేనే నెట్‌లో చూసుకుంటే ఖర్చేమీ లేదు కదండీ?”

“చూసుకోవచ్చండీ. మీకు గది మాత్రమే కావాలంటే నాకూ ఏమీ ఇవ్వనక్కర్లేదు, హోటలే నాకు కమిషన్ ఇస్తుంది. కానీ మీది రెండు వారాల ప్రయాణం, ఐదు ఊళ్లు, పైగా అమ్మగారికి చక్రాల కుర్చీ కావాలంటున్నారు. ఇవన్నీ కుదిర్చి ప్లాన్ చేయడానికి రుసుము తీసుకుంటాను. రెండుసార్లు మార్పులు అందులోనే. దారిలో ఏదైనా తేడా వస్తే మాట్లాడేది నేనే.”

ఇందులో కమిషన్ సంగతి దాచలేదు చూడండి. దాచకూడదు. ఎవరి నుంచి ఎంత వస్తుందో తెలిసిన క్లయింటు మళ్లీ వస్తారు.

7. మోసాలు, అర్ధరాత్రి ఫోన్లు

కొత్త అడ్వైజర్ల కోసం మోసగాళ్లు కాచుకుని ఉంటారు. ఎప్పుడూ చూడని మనిషి నుంచి ఈమెయిల్ వస్తుంది: రేపో ఎల్లుండో ప్రయాణం, దూరదేశానికి బిజినెస్ క్లాస్, ఒకవైపు టికెట్, ప్రయాణికుడి పేరు ఒకటి, కార్డు మీద పేరు ఇంకొకటి, ధర గురించి ఒక్క ప్రశ్నా లేదు. ఎదురుగా పెద్ద రుసుము కనిపిస్తుంటే అనుమానం మొద్దుబారుతుంది. కార్డు అసలు యజమాని ఫిర్యాదు చేశాక విమాన సంస్థ ఆ నష్టాన్ని డెబిట్ మెమో రూపంలో ఏజెన్సీ మీదకు నెడుతుంది. మొదటి ఆరు నెలలూ కొత్త క్లయింట్ల విమాన టికెట్లను, మూడు రోజుల్లోపు ప్రయాణాలను మీ కార్యాలయం చూశాకే ఖరారు చేసేలా నియమం పెట్టండి. కొందరు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి.

అర్ధరాత్రి విమానం రద్దయితే ఎవరు ఫోనెత్తాలి అన్నది కూడా ముందే తేలాలి. పదిమంది ఉన్నప్పుడు 24 గంటల కేంద్రం పెట్టడం వృథా. ప్రయాణంలో ఉన్న క్లయింట్ల జాబితా ప్రతి సోమవారం తయారవ్వాలి, అడ్వైజర్ అందుబాటులో లేకపోతే ఆ వారం బాధ్యత ఎవరిదో అందులో రాసి ఉండాలి. అంతే.

8. తలుపులు ఎప్పుడు తెరవాలి

చేరినవారి సంఖ్యను గొప్పగా చెప్పుకోవద్దు, పెట్టుబడిదారులు అదే అడిగినా సరే. మూడు అంకెలు చూడండి: చేరిన వారిలో మూడు నెలల్లో మొదటి బుకింగ్ చేసినవారెంతమంది, రావలసిన కమిషన్‌లో 90 రోజుల్లో వసూలైనదెంత, ఒకసారి బుక్ చేసిన క్లయింటు మళ్లీ వచ్చారా. మొదటిది సగానికి తక్కువగా ఉంటే ఎంపికలోనో శిక్షణలోనో లోపముంది, రెండో బృందాన్ని పిలవకండి. రెండోది తగ్గుతుంటే కొత్తవారిని చేర్చుకోవడం ఆపి లెక్కల మనిషిని పెట్టుకోండి.

ఆదాయం ఒకే హోటల్ గొలుసు మీదో ఒకే క్రూయిజ్ సంస్థ మీదో ఆనుకుని ఉందేమో కూడా గమనిస్తుండండి. 2018లో మారియట్ ఉత్తర అమెరికాలో బృంద బుకింగ్‌ల కమిషన్‌ను 10 నుంచి 7 శాతానికి తగ్గించింది. వాటినే నమ్ముకున్నవారి ఆదాయంలో దాదాపు మూడో వంతు ఒక్క ప్రకటనతో పోయింది.

9. వెళ్లిపోయే అడ్వైజర్

బాగా అమ్మే అడ్వైజర్ ఎప్పుడో ఒకరోజు సొంతంగా ఏజెన్సీ పెట్టుకుంటారు, లేదా ఎక్కువ వాటా ఇచ్చే చోటికి వెళతారు. క్లయింట్లు ఆయనవారే అని మొదటి ఒప్పందంలోనే ఒప్పుకోండి. ఆ మాట చూసి మీ దగ్గరికి వచ్చేవారే ఎక్కువ ఉంటారు. చిక్కల్లా ఇంకా జరగని ప్రయాణాల దగ్గరే. మీ కోడ్ మీద ఖరారైన క్రూయిజ్‌ను వేరే ఏజెన్సీకి మార్చడానికి సప్లయర్లు అన్నిసార్లూ ఒప్పుకోరు. అలాంటి బుకింగ్‌ల జాబితా ఇద్దరూ కూర్చుని రాసి సంతకాలు చేసుకోండి: ప్రయాణ సమయంలో క్లయింటుకు ఎవరు జవాబిస్తారు, కమిషన్ వచ్చాక పాత వాటా ప్రకారం ఎన్నాళ్లలో పంపుతారు, మధ్యలో రద్దయితే ఎవరు చూసుకుంటారు. క్లయింటుకు వెళ్లే సమాచారం ఇద్దరి పేర్లతో, ఒకే ఉత్తరంగా వెళ్లాలి. మీ వ్యవస్థల్లోకి ఆయన ప్రవేశం ఏ తేదీన ఆగుతుందో అందులోనే తేల్చండి, మిగిలిన పాస్‌పోర్టు నకళ్లు చట్టం అడిగే గడువు దాటాక తొలగించండి. ఆయన బ్యాంకు వివరాలు, చిరునామా ఆ రోజే మళ్లీ సరిచూసుకోండి. వచ్చే ఏడాది వేసవి ప్రయాణాల కమిషన్ పంపాల్సింది అక్కడికే.